చెంచయ్య అందించిన మాటలు

చెంచయ్య పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఏదో మంత్రం చదువుతున్నాడనీ, అది తెలుగూ కాదు సంస్కృతమూ కాదనీ, అది చెవినబడ్డ రోజు తమ గేదె పాలు చేపలేదనీ పక్కింటి మాణిక్యమ్మ వీధంతా చెప్పిందట. కాలేజీలో మనుషుల మతి లాగేసే పెట్టె ఒకటుందనీ, ముప్పై ఏళ్ళు దాన్ని తుడిచి తుడిచి చివరికి తన మతి కూడా దానికే అప్పజెప్పి వచ్చాడనీ అందట. కాలేజీలో మా గది ఊడ్చే మనిషిది ఆ వీధే, ఈ సంగతులన్నీ తనలో తనే చెప్పుకుంటూ ఊడుస్తుంది. బీరువాలో పడి ఉన్నదానికి అంతకన్నా మంచి పత్రిక ఏముంటుంది?

మాణిక్యమ్మ చెప్పిన ఆ పెట్టె నేనే.

నేను ఒక జ్ఞాపకశక్తిని కొలిచే యంత్రాన్ని. కాలేజీ రికార్డుల్లో నా పేరు మెమరీ డ్రమ్ము. పేరు విని బెదరకండి, పోపులపెట్టె కన్నా కాస్త పెద్ద, అంతే. టేకు చెక్క పెట్టె, లోపల తిరిగే డోలు, దానికి చుట్టిన కాగితం, ముందువైపు వేలెడంత కిటికీ. రెండు సెకన్లకోసారి టక్కుమని డోలు ఒక మెట్టు తిరుగుతుంది, కిటికీలో ఒక మాట కనిపిస్తుంది. మళ్ళీ టక్కుమనగానే ఆ మాట పోతుంది. బయటినుంచి తెప్పించాలంటే ఏళ్ళు పట్టేట్టుందని, మనస్తత్వశాస్త్రం చెప్పే శేషగిరి మాస్టారు బజార్లో గడియారాలు బాగుచేసే మస్తాన్ చేత నన్ను చేయించారు. నా గుండె ఒక పాత గోడగడియారానిది. టైము తప్పు చూపిస్తోందని ఎవరో పారేశారట. పిల్లల తెలివి కొలవడానికి మాత్రం పనికొచ్చింది.

నా కాగితం మీద ఉండేవన్నీ అర్థం లేని మాటలే. జెప, టిలొ, గుమె, డొవి, రఫు, ఇలా పది. అర్థమున్న మాటయితే ఒకడికి ముందే తెలిసుంటుంది, ఇంకొకడికి ప్రాణమై ఉంటుంది, కొలత చెడుతుందని మాస్టారు చెప్పేవారు. మనసుకు ఏమీ కానిదాన్ని ఇచ్చి, అది ఎంతసేపు నిలుస్తుందో చూడాలట. పిల్లలు జంటలుగా వచ్చేవారు. అడిగేవాడు ప్రయోక్త, చెప్పేవాడు ప్రయోజ్యుడు, మర్నాడు తారుమారు. మొదటి మాటలూ చివరి మాటలూ అందరికీ దొరికేవి, నడిమివే జారిపోయేవి. తరువాత కలెక్టరైనవాడికీ అంతే, మూడుసార్లు తప్పినవాడికీ అంతే. గ్రాఫు ముందు గీసుకుని అంకెలు తరువాత వేసుకునే పిల్లలు ప్రతి ఏడూ ఉండేవారు. మనిషి మనసు అచ్చం పుస్తకంలో చెప్పినట్టు నడవడం నేను వాళ్ళ రికార్డుల్లోనే చూశాను. మార్కులూ వాళ్ళకే ఎక్కువ.

చెంచయ్య ఆ గదికి అటెండరు. నాకు కీ ఇవ్వడం, కాగితం మార్చడం, పండక్కో పబ్బానికో ఒక నూనెచుక్క వెయ్యడం అతని పని. ఒక ఏడు మా గదిలో వింత జరిగింది. ఆడపిల్లలకు పదికి పది మాటలూ వచ్చేస్తున్నాయి, మగపిల్లలు ఆరు దాటడం లేదు. మాస్టారు పొంగిపోయి పరిశోధనా వ్యాసం మొదలుపెట్టారు. ఇరవై పేజీలు రాశాక ఒకరోజు తలెత్తి చూస్తే, ప్రయోక్త వెనకాల బీరువా పక్కన నిలబడి చెంచయ్య పెదవులు కదుపుతున్నాడు. ఎదురుగా ఉన్న పిల్ల ఆ పెదవులు చూసి చెబుతోంది. మగపిల్లలకు అటువైపు చూడాలనే తోచలేదు. ఆ పిల్ల పేరు మృణాళిని. తల్లి పోయి నెల కాలేదు. కిటికీలో మాట చూస్తుందేగాని, ఆ చూపులో మాట ఎక్కడా ఆగదు.

ఇదేం పనని మాస్టారు నిలదీస్తే చెంచయ్య తొణకలేదు.

“మా ఊళ్ళో నాటకమాడేటప్పుడు పద్యం మర్చిపోయినోడికి తెరెనక నుంచి నేనే అందిస్తా సార్. అందియ్యకపోతే ఆట ఆగిపోదూ?”

మాస్టారు ఇరవై పేజీలూ చింపేశారు. ఆనాటి నుంచి ప్రయోగం జరుగుతున్నంతసేపూ చెంచయ్య గది బయట స్టూలు మీద. నా టక్కు వినబడగానే అక్కడ కూర్చునే పెదవులు కదిపేవాడు. ఎవరికి అందిస్తున్నాడో ఏమో.

మధ్యాహ్నం అతని భార్య క్యారేజీ తెచ్చేది. ఆవిడ పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఆవిడకు అతను ‘ఏమయ్యా’, అతనికి ఆవిడ ‘ఇదుగో’. వాళ్ళ వైపు ఆలుమగలు పేర్లు పెట్టి పిలుచుకోరు. తప్పని కాదు, సిగ్గు. కొత్తలో వచ్చిన సిగ్గు తల నెరిసినా వదల్లేదు.

తరువాత కంప్యూటర్లు వచ్చాయి, నేను బీరువాలోకి వెళ్ళాను. పదవీ విరమణ రోజు చెంచయ్య మెళ్ళో దండతోనే వచ్చి, నాకు నిండా కీ ఇచ్చి, బీరువా తలుపు వేసి వెళ్ళిపోయాడు. చూసేవాళ్ళు లేని కిటికీలో, ఆ చీకట్లో, పది మాటలనూ మళ్ళీ మళ్ళీ చూపిస్తూ తిరిగాను. స్ప్రింగు అయిపోయింది. ఆ తరువాత ఎన్నేళ్ళో నేను చెప్పలేను, కీ లేనిదానికి కాలం ఉండదు. జ్ఞాపకాన్ని కొలిచే పెట్టెకూ జ్ఞాపకం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. తుడిచే చెయ్యి కోసం అది ఎదురుచూస్తుందని అసలే అనుకోలేదు.

పోయిన నెలలో ఆ చెయ్యి వచ్చింది. భార్య రెక్క పట్టుకుని నడిపించుకొచ్చింది. ఆనాడు పెదవులు చూసి చెప్పిన మృణాళినే ఇప్పుడు మా శాఖకు పెద్ద. కుర్చీ వేసి కూర్చోబెట్టి, డాక్టరుకు చూపించారా అని అడిగింది.

“చూశాడమ్మా. మతిమరుపు జబ్బు, మెల్లమెల్లగా అందర్నీ మర్చిపోతాడన్నాడు. మర్చిపోతే పోనీ. నేనింకా ఆ బుర్రలో ఉన్నానా లేనా, అది చూసి చెప్పు. మీకాడ పెట్టె ఉందిగా.”

ఆ పెట్టె అలాంటివి చెప్పలేదని మృణాళిని నచ్చజెబుతుండగానే చెంచయ్య లేచాడు. నేరుగా వచ్చి బీరువా తెరిచి, నా మీది దుమ్ము పైపంచెతో తుడిచి, బల్ల మీద పెట్టి కీ ఇచ్చాడు. వేళ్ళు తడుముకోలేదు. నేను టక్కుమన్నాను. కిటికీలోకి మాట రాకముందే అతని నోట వచ్చేస్తోంది. జెప, టిలొ, గుమె. పదికి పది. నడిమివి కూడా.

“పొద్దస్తమానం ఇదే వరస,” అంది భార్య. మాణిక్యమ్మ విన్న మంత్రం ఇదేనన్నమాట.

మృణాళిని కాగితం తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇది ఏ సంవత్సరమంటే, మాస్టారినడగాలన్నాడు. మాస్టారు పోయి పదేళ్ళు. మీ పక్కన కూర్చున్నది ఎవరని అడిగితే తిరిగి ఆవిడను తేరిపార చూసి, “మా మనిషే,” అన్నాడు. ఆవిడ మొహం విప్పారింది, వెంటనే ముడుచుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌ను చూసి కూడా ఆ మాటే అన్నాడని చెప్పింది.

చివరి ప్రశ్న, భార్య పేరు. ఆవిడ సంచిలోంచి తీసిచ్చిన రేషను కార్డు విప్పి మృణాళిని సరిచూసుకుంది. నాకు కార్డు వీపే కనిపించింది.

చెంచయ్య తల వంచుకున్నాడు. నవ్వాడు. బొటనవేలితో నా చెక్కను రుద్దుతూ కూర్చున్నాడు. నేను పదిహేనుసార్లు టక్కుమన్నాను. ఆ నవ్వు పెళ్ళినాటి సిగ్గో, లోపల మాటే లేని ఖాళీయో, వందల మొహాలు చూసిన నాకే తేలలేదు.

మృణాళిని పెదవులు కదిలాయి. అందివ్వడం ఆమె అతని దగ్గరే చూసింది. కానీ అందిస్తే అతను అనేస్తాడు, అది విని ఆవిడ సంతోషంగా ఇంటికి వెళ్ళిపోతుంది, ఆ సంతోషం చింపేసిన ఇరవై పేజీల్లాంటిదే అవుతుంది. పెదవులు మూసుకున్నాయి. గడిలో తప్పని సున్నా వెయ్యాలా, తేలలేదని గీత గీయాలా తెలియక కలం గాల్లోనే ఉంది.

“సిగ్గుపడుతున్నాడేమో అమ్మా,” అంది మెల్లగా. “ఇంట్లో ఎప్పుడైనా మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాడా?”

ఆవిడ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

“ఒక్కసారన్నా పిలిచుంటే గదమ్మా, ఇప్పుడు మర్చిపోయాడో లేదో తెలిసేది.”