మూడో మలుపు దగ్గర బ్రేకు

బ్రేకు నేను వేశాను. అది పట్టలేదు. ఈ రెండు ముక్కలూ ఎన్నిసార్లు చెప్పినా మా కొండమీద ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

నా పేరు సవేత. గొర్రెల దొడ్డి నుంచి కింద ఊళ్ళోని పాలకేంద్రానికి క్వాడ్ బండి మీద పాలు దించేది నేనే. నాలుగు లావు చక్రాలు, వెనక కట్టిన క్యాన్లు, ఆరు కిలోమీటర్ల దిగుడు. నాలుగు వేసవులుగా ఆ పని నాది. అంతకుముందు ఆ హ్యాండిల్ ఏ ఆడదాని చేతికీ ఇచ్చిన పాపాన పోలేదు.

బుధవారం మూడో మలుపులో, కొయ్య శిలువ దగ్గర, బ్రేకు పిడి నొక్కితే మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. కాలి బ్రేకూ బురదలో అడుగేసినట్టు దిగిపోయింది. బండిని కొండవైపు గడ్డివాములోకి తిప్పాను. నేను బతికాను. పాలు కుక్కలు నాకాయి.

మర్నాడు పొద్దున పెద్ద కాపరి తోడేర్ బండెక్కి, దొడ్డి ముందున్న చదునులో రెండు చుట్లు కొట్టి, గట్టిగా బ్రేకేశాడు. బండి ఠక్కున ఆగింది.

"ఏది అమ్మాయ్, పట్టలేదన్నావు? భయంతో నీ వేళ్ళే పట్టుండవు!"

"చదునులో చల్లటి బండి నడిపి చెప్తావేంటి బాబాయ్? దిగుడులో నడుపు."

"ఆదివారం గొర్రెల యజమానులు వస్తున్నారు. బండి తాళం ఎవరికివ్వాలో వాళ్ళే తేలుస్తారు. నువ్వు జున్ను కుండ దగ్గర కూర్చోవచ్చులే."

జున్ను కుండ దగ్గర కూర్చోవడం తప్పేం కాదు. అబద్ధం మోసుకుని కూర్చోవడం తప్పు. బండి తప్పు చేస్తే నడిపినవాళ్ళ మీద తోసేయడం అన్నిచోట్లా ఉన్నదే. నేను తోయించుకోను.

బండి కింద దూరాను. గొట్టాలు తడిమాను, ఎక్కడా కారడం లేదు. బ్రేకు ప్యాడ్లు అరగలేదు, మందంగానే ఉన్నాయి. లోపల గాలి చేరి ఉంటే చల్లగా ఉన్నప్పుడూ పిడి మెత్తగానే ఉండాలి, కానీ రాయిలా ఉంది. అంటే వేడెక్కితేనే చెడుతోంది. ఇక మిగిలింది బ్రేక్ ఆయిలు. వసంతంలో దాన్ని కొత్తగా పోసింది ఎవరు? తోడేరే.

గుడిసెలో అటక మీద వెతికాను. రేగుపళ్ళ సారా సీసా పక్కనే బ్రేక్ ఆయిల్ సీసా. రెండింటికీ ఒకే రకం బిరడా: మొక్కజొన్న బెండు. ఆ సీసా అక్కడ రెండేళ్ళుగా ఉంది, వేసవంతా పొగమంచు తాగుతూ.

అది పేరుకే ఆయిలు. గాలిలో తడిని పీల్చేస్తుంది. బరువుతో దిగేటప్పుడు బ్రేకు కాగి, ఆ నీళ్ళు మరిగి ఆవిరవుతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది తప్ప చక్రాన్ని పట్టదు. చల్లారితే మళ్ళీ పిడి గట్టిపడుతుంది. అందుకే పొద్దున చదునులో ఆ బ్రేకు పెళ్ళికొడుకులా బుద్ధిగా ఉంది. ఇది నాకెవరూ నేర్పలేదు. సీసా మీద రాసింది చదివాను, అంతే.

ఆదివారం గుడిసె బయట మూకుడులో నూనె కాచాను. యజమానులు తొమ్మిది మందీ చుట్టూ నిలబడ్డారు.

"వడలు పెట్టి మంచి చేసుకుందామనా?" అన్నాడు తోడేర్.

"నీకు తినిపించేదే బాబాయ్, కాస్త ఆగు."

రెండు రేకు గిన్నెలు మూకుడులో నిలబెట్టాను. ఒకదాంట్లో బండి బ్రేకులోంచి తీసిన ఆయిలు. రెండోదాంట్లో పట్నం నుంచి తెప్పించి అప్పుడే మూత విప్పిన కొత్తది. కాసేపటికి మొదటిది బుడబుడమంది. రెండోది కదల్లేదు.

అందరికన్నా ఎక్కువ గొర్రెలున్న పరస్కీవ ముందుకొచ్చింది. "పొయ్యి ఒకటే, నూనె ఒకటే. ఇదెందుకు మరిగింది?"

నేను అటక మీది ఆయిల్ సీసా తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె బిరడా పీకి, వాసన చూసి, తోడేర్ వైపు తిరిగింది.

"తోడేరూ, నీ సారాకీ బండికీ ఒకే బెండా?"

నవ్వులు లోయ దాకా దొర్లాయి. తోడేర్ చెవులు ఎర్రబడ్డాయి గానీ మొండివాడు. "గిన్నెలో మరిగితే? దిగుడులో చూపించమను!"

"అదే కదా మొదట్నుంచీ అంటున్నా!"

పరస్కీవ పిడి నొక్కి పట్టుకుంటే నేను చక్రాల దగ్గర పాత ఆయిలంతా వదిలించి కొత్తది ఎక్కించాను. క్యాన్లు నీళ్ళతో నింపాం. అందరూ అడ్డదారిన ముందే దిగి మూడో మలుపులో నిలబడ్డారు. నేను పైనుంచి బ్రేకు తొక్కుతూనే దిగాను, కావాలనే, అది బాగా కాగాలని. మలుపులో పిడి నొక్కాను. శిలువ పక్కన బండి మేకు కొట్టినట్టు ఆగింది. క్యాన్లో నీళ్ళు మాత్రం ఊగాయి.

నమ్మకం కుదరక తోడేర్ వంగి చక్రం దగ్గర బ్రేకు డిస్కు మీద వేలు పెట్టాడు.

"అబ్బా!"

"కాలిందా బాబాయ్?"

"కాలింది!"

"కాలినా పట్టింది. తెలిసిందా?"

వేలు నోట్లో పెట్టుకుని తలూపాడు. తాళం గురించి ఎవరూ మాట్లాడలేదు. అది బండికే ఉంది, నా చేతి కింద. నీళ్ళు పారబోసి పాలకోసం పైకి తిప్పాను.