చార్జింగు దుకాణంలో ఊదు

మా ఆయన కట్టయ్యకు లోకంలో అందరూ దొంగలే, ముఖ్యంగా బ్యాటరీలు చార్జింగు చేసేవాళ్లు. కారణం లేకపోలేదు. కిందటేడు ఒక దుకాణంలో కొత్త బ్యాటరీ చార్జింగుకిచ్చి, ఈయన చాయ్ తాగి వచ్చేసరికి పాతది అంటగట్టారు. పెళ్లి మధ్యలో మేం కిరాయికిచ్చిన మైకు మూగబోయింది, ఊళ్లో మా పరువు పోయింది. అప్పటినుంచి బ్యాటరీ మీద ఎర్రరంగుతో తన పేరు రాసుకున్నాడు. చార్జింగుకు పెడితే దాని పక్కనుంచి లేవడు. ములుగు అవతల మా అడవి ఊరికి ఎనభై మూడులో కూడా కరెంటు రాలేదు. పెళ్లిలో పాట వినిపించాలంటే బ్యాటరీయే దిక్కు.

ఆ శుక్రవారం హనుమకొండ బస్టాండు వెనక వెంకట్రాజం దుకాణానికి వచ్చాం. మొన్నటిదాకా అది కిరాణా కొట్టు. పప్పు బస్తాలుండే బల్ల మీద ఇప్పుడు బ్యాటరీలు వరుసగా పెట్టాడు. మూతలు తీసి తీగలు తగిలిస్తే లోపల తేజాబు, అదే యాసిడ్, బుడబుడమంటోంది. మా ఆయన తన పేరున్న బ్యాటరీ ముందు, బల్లకు వీపు ఆనించి షాబాదు బండ మీద బైఠాయించాడు.

సాయంత్రానికి వాన దంచింది. జల్లు లోపలికి కొడుతోందని వెంకట్రాజం షట్టరు నడుము దాకా దించాడు.

"జర సూస్తుండు అక్కా. బీడీ ఎవ్వల్నీ ముట్టియ్యనియ్యకు. తేజాబు అయిపోయింది, తీస్కొని వస్త" అని గొడుగేసుకుని చౌరస్తా వైపు పోయాడు.

నేను గడప మీద కూర్చున్నాను. లోపలి గాలికి గొంతు మండుతోంది. నాకు భయం పట్టుకుంది. మా తమ్ముడు యాకయ్య ఇలాంటి గదిలోనే ట్రాక్టరు బ్యాటరీ దగ్గర బీడీ ముట్టించాడు. చార్జింగయ్యే బ్యాటరీలోంచి వచ్చే గ్యాసు కంటికి కనబడదు, నిప్పు తగిలితే మాత్రం పేలుతుంది. దవాఖానలో వాడి కుడికన్ను తీసేశారు. ఇప్పుడు షట్టరు దించాక ఆ గ్యాసు పోయే దారి కూడా లేదు.

"బయటికి రారాదు. గాడ కూసుంటే దమ్మాడుతదా?" అన్నాను.

"నేను లేస్తే గదే అదును. ఎవడన్న మారుస్తడు."

"నేను లేనా ఇక్కడ?"

"నువ్వు ముచ్చట్ల పడితె ఇల్లు ఎత్తుకపోయినా సోయుండదు."

ఇంకోరోజైతే దానికి తగిన జవాబు చెప్పేదాన్ని. అంతలో లోపలి తలుపు తెరుచుకుంది. దుకాణం వెనకే వాళ్ల ఇల్లు. వెంకట్రాజం తల్లి లక్ష్మీనర్సమ్మ ఊదు పళ్లెంతో గుమ్మం దాటింది. పళ్లెంలో ఎర్రటి నిప్పులు, వాటి మీద సాంబ్రాణి పొగ. శుక్రవారం దీపాలవేళ గల్లాపెట్టెకు, త్రాసుకు, బస్తాలకు ఊదు పట్టడం ఆమె కాపురానికి వచ్చిన నాటినుంచి చేస్తున్న పని. దుకాణంలో సరుకు మారింది, ఆమె అలవాటు మారలేదు.

"అవ్వా, ఆగు! నిప్పు తేకు, పేల్తయి!"

"శుక్రారం పూట అవేం మాటలు పొల్లా? మా రాజం గుమ్మం కాడ్నే పళ్లెం గుంజుకుంటడు, లోపల తిప్పనియ్యడు. అందుకే గిరాకి లేదు. ఇయ్యాల వాడు లేడు" అంటూ ఆమె నడిచింది.

మా మహానుభావుడు లేచి నిలబడి, పొగను కళ్లకద్దుకోవడానికి చేతులు చాచాడు.

"ఊదుకు అడ్డం రావద్దే, పాపం తాకుతది" అని నాకే బుద్ధి చెప్పాడు.

నాకు తమ్ముడి ముఖం మెదిలింది. చూరు నీళ్లకు పెట్టిన బకెట్టు గడప పక్కనే నిండి ఉంది. వెలిగే ఊదు మీద, అదీ పరాయి ఇంట్లో, దీపాలవేళ నీళ్లు పోయడమంటే ఆ ఇంటి లక్ష్మిని వెళ్లగొట్టినట్టే. నాకు తెలియక కాదు. అయినా ఎత్తి కుమ్మరించాను.

నిప్పులు చుయ్యిమన్నాయి. ముసలమ్మ పళ్లెం పక్కకు లాక్కుంది. ఆ లాగడంలో తడవని నిప్పు కణిక ఒకటి ఎగిరి బల్ల మీద బ్యాటరీల నడుమ పడింది. ఇంకా ఎర్రగానే ఉంది.

బకెట్టులో చుక్క నీరు లేదు. ముసలమ్మను నడుము పట్టి, ఆయనను చొక్కా పట్టి షట్టరు కిందికి ఈడ్చాను. ఆయన గడప దగ్గర మొండికేశాడు.

"బ్యాటరీ ఇప్పుకొస్త, ఆగు!"

"నీ బ్యాటరీ మన్నువడ! నువ్వు సస్తే నేనెట్ల బతకాలె?"

పెళ్లయ్యాక మొదటిసారి ఆయన చెంప మీద కొట్టాను. బిత్తరపోయి బయటపడ్డాడు. ముగ్గురం వానలో, బురదలో బోర్లా పడ్డాం.

ఢమ్మని పేలింది. షట్టరు అదిరింది. దాని కిందుగా నల్లటి ముక్కలు రోడ్డు మీదికి ఎగిరొచ్చాయి.

వెంకట్రాజం పరుగెత్తుకొచ్చి, ఇంట్లోంచి పోయి కరెంటు ఆపి షట్టరు ఎత్తాడు. మా ఆయన కూర్చున్న చోట బండ మీద తేజాబు నురగలు కక్కుతోంది. లక్ష్మీనర్సమ్మ అది చూసి, తన కళ్లు రెండూ తడుముకుంది. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మా ఆయన మోరీ కాలువ పక్కన వంగి, వానకు కడుక్కుపోయిన ఒక ముక్కను కట్టెతో తిప్పాడు. దాని మీద ఎర్ర అక్షరాలు ఇంకా ఉన్నాయి.

"మనదేనే" అన్నాడు. "ఎవ్వలు మార్చలే."

అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.