కాయలు ఆరే రోజుల నీలం

గది గోడ మీద రెండు నీలాలు పక్కపక్కన పూసి, పెయింటర్ యలమంద బీడీ వెలిగించుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎడమది ఆకాశం రంగు. కుడిది చిక్కటి నీలం, కాస్త ఊదా కలిసింది. ఏదో ఒకటి చెప్పమని పొద్దుటి నుంచి అడుగుతున్నాడు.

అది అమ్మ గది. అమ్మ ఏటా సున్నంలో నీలిమందు కలిపి తనే వెల్ల వేసేది. నేను డిగ్రీలో ఉండగా పోయింది. ఆ ఏడాదే నాన్న ఇల్లంతా తెల్లరంగు వేయించాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. మా ప్రత్తిపాడులోనే ఉద్యోగం వచ్చింది, ఇంట్లోనే ఉంటున్నాను. ఆ గదిని మళ్లీ అమ్మ ఉన్నప్పటిలా చూసుకోవాలని నా కోరిక. నాకు గుర్తున్న నీలంలో ఊదా ఛాయ ఉంది. కుడిది ఎంచుకోవాలనే అనుకున్నాను. కానీ ఎంత చూసినా అది అమ్మ రంగు అనిపించలేదు.

"నీలిమందులో ఊదా ఎక్కడిది నజ్మీన్? తెల్లబట్టలకి పెట్టే నీలిమందేగా," అన్నాడు నాన్న.

నాకు బాగా గుర్తుందన్నాను. ఆయన బయటికి వెళ్లాడు. మబ్బుగా ఉందని అప్పటిదాకా కప్పి ఉంచిన మిరపకాయల్ని, ఎండ రాగానే కిటికీ ఎదుట వాకిట్లో టార్పాలిన్ పట్టా మీద పరిచాడు.

ఘాటు వస్తోందని కిటికీ మూయబోయి గోడ వైపు చూశాను. కాయల మీద పడిన ఎండ ఎర్రబారి గదిలోకి వస్తోంది. కుడి నీలం కమిలినట్టయింది. ఎడమది మెల్లగా ఊదా తిరిగింది.

అదే. పంట ఇంటికొచ్చే ముందు వెల్ల వేయడం అమ్మ అలవాటు. ఆ కొత్త నీలాన్ని నేనెప్పుడూ బయట కాయలు ఆరుతుండగానే చూశాను.

నాన్నని పిలిచాను. గుమ్మంలో నిలబడి గోడ వైపు చూశాడు.

"మీ అమ్మ ఈ కిటికీ దగ్గరే కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేది," అన్నాడు.

యలమంద లేచి వచ్చాడు. "కాయలు మిర్చి యార్డుకి అమ్మకానికి పోయినాక ఇది ఉత్త ఆకాశం రంగే అమ్మాయ్. కుడిదైతే ఏడాదంతా ఊదాగానే ఉంటది. తర్వాత నన్ను తిట్టబాక."

"ఎడమదే వెయ్యి బాబాయ్," అన్నాను.

నాన్న వాకిట్లోకి వెళ్లి, పట్టా అంచు పట్టుకుని, కాయల్ని కిటికీ కిందిదాకా లాగాడు.