చక్రాలు నేలకానాక

లక్ష్మీనారాయణ పంతులుగారికి మంత్రాలు ఎంత వచ్చో స్పానర్లు పట్టడమూ అంత వచ్చు. పొద్దున రాములవారికి అర్చన, మధ్యాహ్నం తన పాత కారుకి సేవ. ఊరందరికీ ముహూర్తాలు పెట్టే మనిషి కదా, తన పనులకు పెట్టుకోకుండా ఉంటాడా? అక్కడే వచ్చింది తంటా.

ఆయన భార్య కామేశ్వరికి కిడ్నీలు పోయాయి. మంగళవారం, శుక్రవారం బెజవాడ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. బస్సులో కూర్చోలేదు. మామిడికాయల కాలం కావడంతో కిరాయి కార్లన్నీ బేరగాళ్ళ వెంటే తిరుగుతున్నాయి. మిగిలింది ఈ కారే. దాని ముందు చక్రాలను పట్టుకునే ఆర్మ్‌లలో రబ్బరు బుష్‌లు అరిగిపోయి, గుంత వచ్చినప్పుడల్లా కింద సుత్తితో కొట్టినట్టు దడేలుమనేది. ఆ దెబ్బ నేరుగా కామేశ్వరి ఎముకల్లోకే పోయేది.

"సూదులకి భయపడనండీ, ఈ దారికే నా భయం" అందామె. "ఇలాగే ఉంటే నేను రాను. ఇంట్లోనే పోతాను."

ఊరికే అనే మనిషి కాదామె.

ఆదివారం కారు ముందు భాగం జాకీతో లేపి, కింద దుంగలు పెట్టి, రెండు ఆర్మ్‌లూ విప్పి, గోనెసంచిలో వేసుకుని స్కూటర్ మీద మైలవరం వెళ్ళాడు. అక్కడ మెకానిక్ మార్టిన్ షెడ్డు ముందు కాయల ఆటోలు బారులు తీరి ఉన్నాయి. మార్టిన్ ఊపిరి తిప్పుకోకుండానే పాత బుష్‌లు ప్రెస్‌లో పెట్టి తోసేసి, కొత్తవి దిగ్గొట్టి ఇచ్చాడు.

"పంతులుగారూ, ఒక్క మాట. ఇప్పుడు బోల్టులు వదులుగానే పెట్టండి. బండి దింపి, చక్రాలు నేలకానాక బిగించండి. గాల్లో బిగించారో, దింపగానే రబ్బరు మెలిపడి, నాలుగు రోజుల్లో చిరిగిపోద్దండి."

"నాకు చెప్తావా మార్టిన్!" అని నవ్వాడు పంతులుగారు.

ఇంటికొచ్చి ఆర్మ్‌లు ఎక్కించేసరికి నాలుగుంపావు. నాలుగున్నరకి రాహుకాలం. చక్రాలు తొడిగి, దుంగలు తీసి, కారు దింపి, కిందకి దూరి బిగించాలంటే అరగంట పైనే. భార్య ప్రాణానికి సంబంధించిన పని రాహుకాలంలో పూర్తి చేయడమా, లేక బిగింపు సగంలో వదిలేయడమా? శివశివా! చేతులు గబగబా ఆడాయి. చక్రాలు లేకుండా వేలాడుతున్న ఆర్మ్‌లకే బోల్టులు ఎముక విరిగేంత గట్టిగా బిగించి, నాలుగు ఇరవైతొమ్మిదికి లేచి దణ్ణం పెట్టుకున్నాడు. మార్టిన్ మాట గుర్తులేక కాదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాడు.

మంగళవారం కారు చప్పుడు చేయలేదు. "చప్పుడు పోయింది, చూశావా!" అని పొంగిపోయాడు. శుక్రవారం కామేశ్వరి దారంతా హాయిగా నిద్రపోయింది. పై మంగళవారం, ఎన్నాళ్ళకో, వచ్చే ఏడాదికి ఆవకాయ ఎంత పెట్టాలని లెక్క వేసింది. వచ్చే ఏడాది! ఆ మాటకి పంతులుగారికి కళ్ళు చెమర్చాయి.

ఆ శుక్రవారం జి. కొండూరు దాటాక దడేలుమంది. మళ్ళీ. మళ్ళీ. మునుపటి కంటే ఘోరంగా. కామేశ్వరి పైట చెంగు పళ్ళ మధ్య కొరికిపట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక ఒక్క మాటే అంది. "ఇక చాలండి."

శనివారం మార్టిన్ కారు లేపి, చిరిగిన రబ్బరు వేలితో తీసి చూపించాడు. "దింపాకే బిగించారా అండీ?" పంతులుగారు ఆ ముక్క అందుకుని గుడ్డతో తుడవసాగాడు. మార్టిన్ మరేమీ అడగకుండా ఆటోలన్నీ పక్కన పెట్టి, తానే కొత్తవి వేసి, బండి దింపి, కిందకి దూరి బిగించాడు. కారు వెన్నలా సాగింది.

ఇంటికొచ్చి భార్య ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "నా తప్పే కామేశ్వరీ. రాహుకాలం వస్తోందని తొందరపడ్డాను. ఇప్పుడు నిజంగానే బాగైంది. ఒట్టు."

"కావాలని చేశారా ఏంటి, పోనివ్వండి" అందామె. "మొన్న కూడా చప్పుడు పోయిందనే అన్నారుగా. నమ్మి ఎక్కాను. మళ్ళీ నమ్మే ఓపిక నాకు లేదు."

మంగళవారం బతిమాలాడు. శుక్రవారం కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. పాదాలు ఉబ్బాయి, మొహం ఉబ్బింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆదివారం పొద్దున ఎంత పిలిచినా కామేశ్వరి పలకలేదు. ఊపిరి మాత్రం గురగురమంటోంది. పక్కింటివాళ్ళ సాయంతో వెనకసీట్లో పడుకోబెట్టి, పంతులుగారు కారు తీశాడు. జి. కొండూరు గుంతలన్నీ దాటాడు. ఎక్కడా చిన్న కుదుపు లేదు.

"చప్పుడు లేదే, విన్నావా?" అంటున్నాడు. "కామేశ్వరీ, ఒక్కసారి వినవే."

బెజవాడ దాకా అంటూనే ఉన్నాడు.