మిఠాయి కొట్టు వెబ్‌సైటు

చిత్తూరులో మామిడి తాండ్ర అమ్మే వహీదున్నీసాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. వెబ్‌సైటు ఆగిపోయి ఆర్డర్లు రావడం లేదు. దాన్ని చేసిన మహానుభావుడి ఫోను ఎప్పుడు చూసినా స్విచ్ఛాఫే. వానలు పట్టుకుంటే ఇంటినిండా ఉన్న తాండ్రంతా బూజు పట్టిపోతుంది.

తిరుపతి నుంచి వచ్చిన కొత్త డిజైనరు బాలచంద్ర, తాను చేసినదంటూ ఒక మిఠాయి కొట్టు వెబ్‌సైటు చూపించాడు. మళ్లీ మోసపోకూడదని, కొట్టువాళ్లనే అడుగుదామని అందులోని నంబరుకు ఆమె ఫోన్ చేసింది.

బాలచంద్ర జేబులో ఫోను మోగింది.

"అట్లాంటి కొట్టే లేదక్కా," అన్నాడు తల దించుకుని. "నాకింకా ఎవురూ పని ఇయ్యలేదు. సూపించేదానికని నేనే చేసినాను."

వెళ్లిపోవడానికి లేచాడు. బయట ఉరిమింది.

"యాడికి పోతావు? కూసో," అంది వహీదున్నీసా. "నీ ఫోనన్నా మోగతా ఉండాది."