హాల్లో తలదాచుకున్న నీడ

రోజూ పొద్దున్నే తువ్వాళ్లు పిండి హాల్లో కిటికీ ఎండ పడే తీగ మీద ఆరేయడం అత్తగారి పని. కొండచరియలు విరిగిపడ్డప్పటి నుంచీ ఆవిడకు అదే పెద్ద తలనొప్పి అయింది. చెట్లు కొట్టుకుపోయాక వాటి నీడ ఊళ్లోకి వచ్చేసింది మరి. మంగలి షాపులో ఓ ముక్క, బడి మెట్ల మీద ఓ ముక్క. అన్నిటికంటే పెద్దది వీళ్ల హాల్లో. ఎంత ఎండ కాసినా తువ్వాళ్లలో చెమ్మ పోదు. పోనీలే, నిలువ నీడ లేనిది నీడ మాత్రం ఎక్కడికి పోతుంది అని ఊళ్లోవాళ్లు సర్దుకున్నారు.

కోడలిది కొండల్ని కొలిచే ఉద్యోగం. చరియ విరిగితే మట్టి ఎంత పోయింది, ఊట ఎంత తగ్గింది, చెట్లు ఆపే వరద ఇక ఎంత ఊరి మీద పడుతుంది, అన్నీ ఆమే తేల్చాలి. ఈసారి కొలవాల్సింది సొంత ఊరి కొండనే. ఆ సాయంత్రం బూట్లయినా విప్పకుండా గడప మీద కూలబడింది.

"ఏమైందే?"

"నాటిన మొక్కలన్నీ ఎండకు మాడిపోతున్నాయి అత్తయ్యా. వానల్లోపు కొండ పచ్చబడకపోతే ఊరు ఖాళీ చేయిస్తామన్నారు మా ఆఫీసర్."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? నీడంతా పోయిందని నేనే తేల్చి చెప్పాను."

"పోవడమేంటే, నీ మొహం! నా హాల్లో కాళ్లు చాపుకుని పడుంటే!"

కోడలు తలెత్తి చూసింది. ఇన్నాళ్లూ ఆ నీడలోనే కూర్చుని అన్నం తింటోంది. ముందు నవ్వొచ్చింది, వెంటనే కొండ మీద మాడిపోతున్న మొక్కలు గుర్తొచ్చాయి.

మర్నాడు అత్తాకోడళ్లు నీడను ఓ అంచు నుంచి చాపలా చుట్టబోయారు. అది మొరాయించింది. "పద తల్లీ, మీ ఇంటికే" అని అత్తగారు బుజ్జగించేసరికి మెత్తబడింది. వీధిలో వీళ్లను చూసి మంగలి తన ముక్కను భుజానేసుకున్నాడు. బడి మెట్ల మీదిదాన్ని టీచరమ్మలు ఎత్తుకున్నారు. అందరూ కలిసి కొండ మీదికి మోసుకెళ్లి మొక్కల మీద పరిచి, అంచులకు రాళ్లు పెట్టారు. మొక్కలు తేరుకున్నాయి. వాటి మధ్య గడ్డి లేచి మట్టిని గట్టిగా పట్టుకుంది.

మొదటి పెద్ద వాన కురిసిన పొద్దున ఆఫీసర్ బస్సుల్ని వెంటబెట్టుకుని దిగాడు. కొండ మీద ఒక్క పెళ్ల కూడా జారలేదు. వాగు తేటగా పారుతోంది. ఆయన కోడలితో పాటు పైకెక్కి, టేపు తనే పట్టుకుని కొలిచాడు. నమ్మలేక మళ్లీ కొలిచాడు.

"బస్సులు వెనక్కి పంపించేయమ్మా" అన్నాడు చివరికి. "ఊరు ఎక్కడికీ కదలక్కర్లేదు."

కింద వీధిలో జనం మూటల మీద కూర్చుని పైకే చూస్తున్నారు. కోడలు రెండు చేతులూ ఎత్తి ఊపింది. ఊరు ఊరంతా ఒక్కసారిగా కేక పెట్టింది. అందరికంటే ముందు మూట ముడి విప్పేసింది అత్తగారే.