ఎవరి మార్కులు వాళ్ళే చెప్పాలి

మా లెక్కల అయ్యవారు ఓబులేసు గారిది ఒక వింత పద్ధతి. దిద్దిన పేపర్లు బల్ల మీద బోర్లించి పెట్టి, పంచే ముందు ఒక్కొక్కరినీ లేపి, ఎన్ని మార్కులొస్తాయో మాచేతే చెప్పించేవారు. ఆ ఏడు పై తరగతిలో ఎవరికి ఏ లెక్కలో కూడా ఆ మాట మీదే తేలుస్తానన్నారు. యాభై దాటుతాయన్నవాళ్ళకి కష్టమైన కాంపోజిట్ లెక్కలు, కాదన్నవాళ్ళకి తేలికైన జనరల్ లెక్కలు. తన మీద తనకే నమ్మకం లేనివాడు కాంపోజిట్ మోయలేడని ఆయన వాదం. కాంపోజిట్ లేకపోతే కాలేజీలో లెక్కలు దొరకవు.

జమ్మలమడుగు హైస్కూల్లో, మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే: నేను, ఖమ్రున్నీసా. ఒకటే బెంచి. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మంట. నేను పేజీలకు పేజీలు కొట్టేసి చేసే లెక్కని అది నాలుగు వరుసల్లో తేల్చేసేది. తేల్చేసి ఏడుపు మొహం పెట్టేది. వచ్చినవాళ్ళు విర్రవీగితే ఓర్చుకోవచ్చు, రాదని ఏడిస్తే ఎట్లా ఓర్చుకోవడం?

పేపర్లు పంచే రోజు అయ్యవారు రాకముందే నా చెవిలో గొణిగింది.

"అంతా పోయింది మే. ముప్పై వస్తే శానా. జనరలే రాయించుకుంటా."

నేను సంబరపడాల్సింది. అది పోతే కాంపోజిట్లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. కానీ నా నోరు ఊరుకోలేదు.

"ముప్పయ్యా? నీకు తొంభైకి తగ్గవు. ఇన్నేండ్లుగా నిన్ను జూసి కుళ్ళి చస్తాండా. ముప్పై వచ్చేదాన్ని జూసి ఎవురన్నా కుళ్ళుతారా?"

అది తెల్లబోయింది. "నన్ను జూసి నువ్వు కుళ్ళేదేంది మే?"

"కుళ్ళుతాండా. సరే, నాకెన్నొస్తాయో చెప్పు."

"నిజం చెప్పల్లా?"

"చెప్పు."

"నలభై."

అంత తక్కువ చెప్పిందంటే నా మీద దానికీ కుళ్ళేనని నాకు లోపల కాస్త సంతోషం వేసింది.

అయ్యవారు వచ్చి ముందు దాన్నే లేపారు. అది నా వైపు ఒకసారి చూసి, "తొంభై సార్" అంది. మగపిల్లలు గొల్లున నవ్వారు. ఆయన పేపరు తిప్పారు. తొంభై రెండు.

"గురవమ్మా, నీకు?"

"ఎనభై సార్" అన్నాను గట్టిగా.

నలభై ఒకటి. "అన్న మాట అన్నదే, నీకూ కాంపోజిటే" అన్నారాయన నిట్టూరుస్తూ.

పేపరు పట్టుకుని వచ్చి కూర్చున్నాను. ఖమ్రున్నీసా అందులోకి తొంగి చూసింది. కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. దాని తొంభై రెండు కంటే నాకు అదే ఎక్కువ మండింది.